ముప్పై ఇళ్ళు తినే వెదురు కొమ్ములు

నీలమడుగు,
ఫిబ్రవరి 11, 2025.

చెల్లీ నాగలక్ష్మీ,

చేరాను. చెప్పకుండా వచ్చేశానని నీకు కోపంగా ఉంటుంది. కోపం తగ్గాకే చదువు. అందాకా ఈ కాగితం చూరులో దోపి ఉంచు.

పామేడు దాకా బస్సు వచ్చింది. అక్కణ్ణుంచి పదకొండు కిలోమీటర్లు నడక. పంతొమ్మిదేళ్ళ కిందట, ఊళ్ళు ఖాళీ చేయించిన ఆ గొడవల కాలంలో, కట్టుబట్టలతో మనం నడిచిన దారే. ఆ రోజు నీ చేతిలో కోడి ఉంది, నా నెత్తిన విత్తనాల మూట ఉంది. ఈసారి నా చేతిలో కత్తి, గొడ్డలి, సంచిలో బియ్యం.

ఒక మాట చెబితే నవ్వుతావు. నేను మన ఊరు దాటి వెళ్ళిపోయాను. వెదుళ్ళ మధ్యన నడుస్తూ నడుస్తూ ఉంటే వాగు ఎదురైంది. వాగు ఊరికి అవతల కదా! అంటే ఊరి నడిమధ్య నుంచే వచ్చాను, ఊరు కనపడలేదు. వెనక్కి తిరిగి, ఒక్కో అడుగూ చూసుకుంటూ వస్తే కాలికి మన బావి ఒర తగిలింది. దాన్ని పట్టుకుని ఇల్లు వెతుక్కున్నాను. గోడలు కరిగిపోయాయి. పడమటింట్లో, మనిద్దరం కూర్చుని సామలు చెరిగిన చోట, నా నడుమంత లావు పొద ఉంది. మన రోజుల్లో వెదురు గుట్ట మీద ఉండేది గుర్తుందా? ఇప్పుడు గుట్ట దిగి, పొలాలు దాటి, వాగు దాకా వచ్చి ఆగింది.

భయపడకు. నేనొక్కదాన్నే కాదు. మన ఊరి లచ్చు, అతని పెళ్ళాం గంగే కూడా మేకలు తోలుకుని వచ్చారు. పక్కపక్కనే గుడిసెలు వేసుకున్నాం. పొజ్జా వాళ్ళు కూడా వస్తారంటున్నారు.

అసలు సంగతి. పట్టా కోసం పెట్టుకున్న అర్జీ మీద వానలు వెళ్ళాక అధికారులు చూడటానికి వస్తారట. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి భూమి కాబట్టి, మీ బావ లేడు కాబట్టి, రాఘవులు తప్పకుండా ఉండాలన్నారు. మరిదిని వానలకు ముందే తీసుకుని రా. ఇక్కడ ఫోను పలకదు. ఉత్తరాలు పామేడు సంతకు చేరిస్తే నాకు అందుతాయి.

మీ అక్క,
దుర్గమ్మ


తోంగ్‌పాల్,
మార్చి 9.

అక్కా,

నీ ఉత్తరం పదమూడు రోజులకు చేరింది. చూరులో దోపలేదు. నిలబడే చదివాను, నిలబడే ఏడ్చాను.

ఒకే కడుపున పుట్టాం, చర్ల హాస్టల్లో ఒకే చాప మీద పడుకుని పది దాకా చదివాం, ఒకే ఇంటికి కోడళ్ళమై వెళ్ళాం. బస్సెక్కే ముందు ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు? పక్కింటి పైడమ్మ వచ్చి, “మీ అక్క ఏందే, మూట కట్టుకుని రోడ్డు మీదికి పోతాంది” అంటే, సంతకు వెళ్ళావనుకున్నాను.

అక్కడ వెదురు ఎక్కువై ఊరు కనపడలేదన్నావు. ఇక్కడ సంగతి నీకు తెలిసిందే, నువ్వు వెళ్ళిన నెలలోనే ఇంకా కరువైంది. మనం వచ్చినప్పుడు ఈ బస్తీకి నలభై ఇళ్ళు. వెనకవైపు చేయి చాస్తే వెదురు. ఇప్పుడు మూడు వందల గడప. మీ మరిది కోడి కూసినప్పుడు వెళ్ళి, పొద్దు వాలాక ఐదు బొంగులు తెస్తాడు. అవీ వంకరవి. అందరూ పొద చుట్టూ ఉన్న లేత బొంగులే నరుకుతారు, అవి సులువుగా వస్తాయి కదా. నడుమ ముసలివి చిక్కుపడి నిలబడిపోతాయి. నేలలోంచి కొత్త కొమ్ము మొలవాలంటే నిరుటి బొంగు పక్కనే ఉండాలని మామ చెప్పేవాడు. నిరుటిది ఉంచితే కదా! వానాకాలం వస్తే ఇక ఆ కొమ్ములూ ఉండవు. నేల పగిలీ పగలకముందే తవ్వి, బాస్తా అని సంతలో కుప్ప పోసి అమ్ముతారు. వాళ్ళనెందుకు అనాలి, నిరుడు నేనూ తవ్వాను.

మేం రావాలనే అనుకుంటున్నాం. ఆయనకు నడుం పట్టేసింది. కొంచెం తగ్గితే చూస్తాం. పట్టా సంగతి చెప్పాను, సరేనన్నాడు.

గంగేను అడిగానని చెప్పు. నువ్వు ఒక్కదానివి కావని తెలిశాకే ముద్ద దిగింది.

నాగలక్ష్మి


నీలమడుగు,
ఏప్రిల్ 20.

చెల్లీ,

మరిది నడుముకు ఆముదం కాచి రాయి. వంగి బొంగులు మొయ్యొద్దని చెప్పు.

ఇక్కడంతా బాగుంది. పొజ్జా వాళ్ళూ వచ్చేశారు. మూడు పొయ్యిలు వెలుగుతున్నాయి. సాయంత్రం గంగే పాటలు, లచ్చు కబుర్లు. నిన్న ఇప్పపూలు ఏరడానికి అందరం కలిసి వెళ్ళాం.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఆయతి, తర్రెం వైపు పిల్ల. వెదురు లెక్క రాసే ఉద్యోగమట. ఊరు దగ్గరుంటే వెదురు ఎట్లా ఉంటుంది, ఊరు లేకపోతే ఎట్లా ఉంటుంది అని అడవిలో చోటుచోటునా తాడు కట్టి, పొదలూ బొంగులూ కొమ్ములూ లెక్కపెట్టి రాసుకుంటుంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. చేతిలో కత్తితో, నెత్తిన తుండుగుడ్డతో ఉన్నాను మరి.

“నువ్వు ఎవరక్కా? ఇక్కడ ఎవరూ ఉండరని రాసి ఉంది.”

“నేను ఉంటున్న గదా. రాసినోళ్ళని అడుగు” అన్నాను.

కూర్చోబెట్టి జావ పోశాను. తన కాగితం చూపించింది. హిందీలో గళ్ళు గీసి ఉన్నాయి. ఒక గడిలో, దగ్గరలో ఉన్న బస్తీ ఎంత దూరం అని రాయాలట. మన ఊరి చుట్టుపక్కల కట్టిన ఆరు తాళ్ళకూ ఆ గడిలో పదకొండు కిలోమీటర్లు అనే ఉంది. అంటే పామేడు.

“ఇంత వెదురు ఎట్లొచ్చిందక్కా ఇక్కడికి? గుట్ట మీద కంటే కింద జ్యాదా ఉంది.”

చెప్పాను. గుట్ట మీది వెదురు ఎప్పుడో పూసి గింజ రాల్చి ఉంటుంది. ఆ రోజుల్లో అయితే గింజ మొలిస్తే పశువు కొరికేది, మిగిలింది నాగలి కింద పడేది. పొద కట్టిందా, వానల్లో కొమ్ము వేయగానే ఆడవాళ్ళం విరిచి కూర వండేవాళ్ళం. గట్టు మీది పొదలు మాత్రం బుట్టలకని ఉంచుకునేవాళ్ళం, ముదురు బొంగు కోసి లేతది వదిలేవాళ్ళం. మనుషులు వెళ్ళిపోయారు, పశువులు వెళ్ళిపోయాయి. దానికి అడ్డం ఎవరు?

ఆ పిల్ల అంతా రాసుకుంది. తర్వాత కలం ఎత్తి, “ఒక్క ఇల్లు ఉంటే బస్తీ అని రాయొచ్చా?” అని తనలో తానే అనుకుంది. పదకొండు కిలోమీటర్లు కొట్టేసి, రెండు వందల మీటర్లు అని రాసింది. పక్కన ఊరి పేరు అడిగింది. నీలమడుగు అని చెబితే మూడుసార్లు పలికి రాసుకుంది.

మీరు ఎప్పుడు బయలుదేరుతున్నారో రాయి.

అక్క


తోంగ్‌పాల్,
జూన్ 3.

అక్కా,

ఒక్క ఇల్లు అని రాశావు. నీ ఉత్తరంలో మూడు పొయ్యిలు వెలుగుతుంటే ఆ పిల్ల కాగితంలో ఒక్క ఇల్లెందుకు ఉంది? మే నెలలో చదివినప్పుడే ఏదో గుచ్చుకుంది. పనిలో పడి మరిచిపోయాను.

నిన్న రోడ్డు పని దగ్గర లచ్చును చూశాను. తారు పీపా దొర్లిస్తున్నాడు. మొదట వేరే ఎవరో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి, “ఏంది లచ్చూ, నువ్వెప్పుడొచ్చినవ్?” అన్నాను.

“హోలీ ముందే వచ్చేసినం వదినా. గంగే ఉండనన్నది. చుట్టూ బొంగులు గాలికి కిర్రుకిర్రుమంటయి, మనిషి అలికిడి లేదు. రెండు మేకల్ని చిరుత తీసుకపోయింది. ఊరంటే మనుషులుండాలె గదా.”

“మరి మా అక్క?”

అతను తల దించుకున్నాడు. “రమ్మని కాళ్ళు పట్టుకున్నం. రాలే.”

“పొజ్జా వాళ్ళున్నరంట గదా?”

“పొజ్జాన? ఆయన చర్లలో మిరపతోటకు కావలి ఉంటండు. నీలమడుగు ఎప్పుడొచ్చిండు?”

గంగే పాటలట. లచ్చు కబుర్లట. మూడు నెలలుగా ఒక్కదానివే ఉండి, ఊరంతా కల్పించుకుని నాకు రాశావు. సంతకు పదకొండు కిలోమీటర్లు నువ్వే నడిచి వెళ్ళి ఈ అబద్ధాలు పోస్టు చేశావు. జ్వరం వస్తే నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఏం అవసరం అక్కా నీకు? ఇక్కడ నిన్ను ఎవరేమన్నారు? నేను అన్నానా? ఆయన అన్నాడా?

నిజం రాయి. లేకపోతే రాయకు.

నాగలక్ష్మి


నీలమడుగు,
జూలై 10.

చెల్లీ,

నిజమే. ఎవరూ లేరు.

వాళ్ళు వెళ్ళిన రోజు మేకల మెడలో గంటలు పామేడు దారిలో కలిసిపోయేదాకా విన్నాను. తర్వాత వెదురు చప్పుడు ఒక్కటే. పగలంతా ఏదో ఒకటి నరుకుతూ ఉంటే చప్పుడు నాది అవుతుంది. కత్తి దించితే మళ్ళీ దానిది. నీకు ఉత్తరం రాసేటప్పుడు గంగే పాడినట్టు రాస్తే కాసేపు పాడినట్టే ఉండేది. నిన్ను మోసం చేయాలని కాదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మీ బావ పోయాక కూడా నువ్వు నాకే ముందు వడ్డించావు. కానీ మీ ఆయన ఐదు బొంగులు తెచ్చి వాకిట్లో పడేస్తే, మనిద్దరం చెరో వైపు కూర్చుని బుట్టలకు ఈనెలు తీసేవాళ్ళం కదా. మధ్యాహ్నానికి అయిపోయేవి. ఆ తర్వాత నువ్వు నా వంక చూసేదానివి కావు, నేను నీ వంక చూసేదాన్ని కాను. ఐదు బొంగులు అల్లడానికి నాలుగు చేతులు ఎక్కువ. మీ ఆయన నా వాటా కోసం ఇంకో గుట్ట ఎక్కాడు, అక్కడే నడుం పట్టింది. అది నాకు తెలియదనుకున్నావు. చెబితే వెళ్ళనిచ్చేదానివి కాదు. అందుకే చెప్పలేదు.

ఇక్కడ వానలు పడ్డాయి. కొమ్ములు లేచాయి. నువ్వు చూడాలి. పొద్దున లేచేసరికి నిన్న లేనివి మోకాలెత్తు ఉంటాయి. ఎండాకాలం అంతా ఒళ్ళు హూనం చేసుకుని, వెదురు నరికి ఎకరం తెరిచాను, సామలు చల్లాను. ఆ ఎకరం చుట్టూ, అంచు పొడుగునా లేచాయి. గుడిసెలో పొయ్యి పక్కన ఒకటి మట్టి పగలదీసుకుని వచ్చింది. విరిచాను. రోజూ విరుస్తున్నాను, తరిగి నానబెట్టి వండుకుంటున్నాను, ఎండబెడుతున్నాను. ముప్పై ఇళ్ళు తినాల్సిన కొమ్ములు నేనొక్కదాన్నే ఎన్నని తింటాను? వాకిట్లో వదిలేస్తే వారానికి నా ఎత్తు, నెలకు ఇల్లంత ఎత్తు. ఆకాశం కొంచెం కొంచెంగా మూసుకుంటూ వస్తోంది.

మధ్యలో నాలుగు రోజులు జ్వరం వచ్చింది. తగ్గింది. లేచి చూస్తే చేను అంచున పదిహేడు కొమ్ములు చేతికి అందకుండా పోయాయి.

ఎవరూ లేరని తెలిసింది కదా. ఇప్పుడైనా మరిదిని తీసుకుని రా. అక్టోబరులో చూడటానికి వస్తారు.

అక్క


తోంగ్‌పాల్,
ఆగస్టు 2.

అక్కా,

నిన్ను నిజం రాయమన్నాను. రాశావు. ఇప్పుడు నా వంతు. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మేం రాలేం. నడుం నొప్పి వల్ల కాదు.

పోయిన దీపావళికి బస్తీలో ఇంటి స్థలాలు ఇస్తున్నారని అందరూ దరఖాస్తు పెట్టారు. మరెక్కడా భూమి కానీ ఇల్లు కానీ లేవని రాసి సంతకం పెట్టాలి. ఆయన పెట్టాడు. సాక్షి సంతకం నాది. అప్పుడు నువ్వు లోపల వంట చేస్తున్నావు.

ఆయన్ని తప్పు పట్టకు, లేదా ఇద్దర్నీ పట్టు. నేను అడిగాను, “అక్క ఎప్పుడూ నీలమడుగు పట్టా అంటది గదా, రేపు ఏమంటవ్?” అని. ఆయన, “ఆ ఊరు ఇంక లేదే. వెదురు మింగేసింది. లేని దానికోసం ఉన్నది పోగొట్టుకుంటమా?” అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది. నువ్వు వెళతావని అనుకోలేదు. వెళ్ళాక చెబుదామనుకున్నాను. నీ మొదటి ఉత్తరం చివర, మరిదిని తీసుకుని రా అని చూశాక ఇక చెప్పలేకపోయాను.

ఆయన అక్కడికి వచ్చి ఇది మా భూమి అంటే ఇక్కడి కాగితం అబద్ధం అవుతుంది. రాకపోతే నీ అర్జీ నిలబడదు. నువ్వు ఎకరం తెరిచానని రాస్తే, నేను ఆ కాగితం గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. నీకు ఊరు లేదని మేం ముందే సంతకం పెట్టి ఇచ్చాం అక్కా.

నాగలక్ష్మి


నీలమడుగు,
ఆగస్టు 17.

నాగలక్ష్మికి,

ఉత్తరం అందింది. దారిలో వాగులు పొంగుతున్నాయి, రేపు ఇది సంతకు చేర్చితే మళ్ళీ రెండు వారాలు వెళ్ళలేను.

ఆ రోజు నేను మీ ఇద్దరికీ ఎండు చింతచిగురు పప్పు వండాను. పైడమ్మ కూడా తిని వెళ్ళింది. మీరిద్దరూ మాట్లాడకుండా తిన్నారు. ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను.



దుర్గమ్మ


తోంగ్‌పాల్,
సెప్టెంబరు 4.

అక్కా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. పప్పు సంగతి దాకా విని బయటికి వెళ్ళిపోయాడు.  మూడో రోజు అంగీ తొడుక్కుని, “ఆ కాగితం వాపసు రాయాలె” అన్నాడు.

వెళ్ళి రాసి ఇచ్చాడు. నీలమడుగులో అన్నతో కలిపి ఆరెకరాలు ఉండేదని, తన వాటా కూడా వదిన పేరనే చూడమని హిందీలో రాయించి, సంతకం పెట్టి, నకలు తెచ్చాడు. ఇంటి స్థలం ఇప్పటికి ఆపారు. ఇస్తారో ఇవ్వరో చెప్పలేదు. ఇంటికి వచ్చి, “వదిన మొహం చూడలేను, నువ్వు పో” అన్నాడు. ఆయన రాడు. నేను వస్తున్నాను, నకలు తీసుకుని. దీపావళి దాకా ఉంటాను. ఆ తర్వాత ఉండమని అడగకు. ఉండలేను. ముందే చెబుతున్నాను.

పామేడు బస్సు ఇరవై రెండు, సోమవారం ఎక్కుతాను. ఎదురు రావద్దు. బావి ఒర నేనే వెతుక్కుంటాను.

నాగలక్ష్మి


నీలమడుగు,
నవంబరు 16.

చెల్లీ,

క్షేమంగా చేరావని మరిది సంతకు పంపిన చీటీలో చూశాను. తనే రాశాడు. వదినకు నమస్కారం అని ఒక్క ముక్క. చాలు.

నువ్వు రాకముందు నాకు ఒంటరితనం అలవాటైందనుకున్నాను. కాలేదు. నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున బావి దగ్గర, “చేద ఇటియ్యవే” అని గట్టిగా అన్నాను. అని, అక్కడే కూర్చుండిపోయాను. నువ్వు రాకుండా ఉంటేనే బాగుండేదని కూడా ఒకరోజు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

నువ్వున్న రోజుల్లో ఎంత పని జరిగిందో నువ్వు వెళ్ళాకే కనపడుతోంది. నాలుగు చేతులు విరిస్తే వెదురు ఎంత వెనక్కి తగ్గిందో! సామలు కోశాం, ఇంటి చోటు చదును చేశాం, నీ చేతి బుట్టలే ముప్పై రెండు. తోంగ్‌పాల్‌లో రెండు నెలలకు కూడా అన్ని అల్లలేదని నువ్వే అన్నావు. ఇక్కడ చేతుల కరువు, అక్కడ బొంగుల కరువు. మధ్యన రెండు రోజుల బస్సు ప్రయాణం.

చూడటానికి వచ్చినవాళ్ళతో నువ్వు అన్న మాట తలచుకుని నవ్వుకుంటూ ఉంటాను. ఆ పెద్దమనిషి, “ఇది పూర్తిగా వెదురు జంగల్ కదమ్మా, పొలం ఎక్కడ?” అంటే, నువ్వు ఆయన్ని పొదల్లోకి వంగి నడిపించి, ఆకులు కాలితో తోసి గట్టు చూపించావు. ఒకటి కాదు, పదకొండు గట్లు. “అడవి ఎక్కడన్న గట్టు పోసుకుంటదా సార్?” అన్నావు. ఆయన టేపు పట్టించి కొలిపించాడు.

దాని ఫలితం మొన్న పామేడులో చెప్పారు. తెరిచిన ఎకరం నా పేరన రాశారట. తక్కిన ఐదెకరాల్లో వెదురు నిలబడి ఉంది కాబట్టి ప్రస్తుతానికి అడవిగానే రాశారట. గట్ల సంగతి పక్కన రాసి పైకి పంపారు. పైవాళ్ళు ఎప్పుడు చూస్తారో తెలియదు. మరిదికి చెప్పు, తను రాసిచ్చిన కాగితమే ఆ ఎకరాన్ని నిలబెట్టింది. స్థలం విషయం తేలితే రాయండి.

నేను రానని నీకు తెలుసు. ఉండమని నిన్ను అడగలేదు, గుర్తుందా. వాకిలి దాటుతూ నువ్వు ఆగితే, అడిగేస్తానేమోనని చీపురు అందుకున్నాను.

ఒక పని చేసిపెట్టు. లచ్చు ఇంకా రోడ్డు పనిలోనే ఉంటే వెళ్ళి కలువు. గంగేను కూడా పిలిచి చెప్పు. వాళ్ళ ఇంటి పునాది రాళ్ళు కనపడుతున్నాయి. చుట్టూ వానల్లో వచ్చిన కొమ్ములన్నీ విరిచేశాను, పొద లోపలికి రాకుండా బద్దలు పాతాను. వాళ్ళ చింతచెట్టుకు ఎండ తగులుతోంది. పొజ్జా వాళ్ళ వాకిలి కూడా కొంత చేశాను, పూర్తి కాలేదు. మిగతా ఇళ్ళ జోలికి పోలేదు.

వచ్చే వానల్లో కూడా లచ్చు వాకిలి చూసుకుంటాను. వచ్చేదుంటే ఆలోగా రావాలి, ఆ పై ఏడాది నా వల్ల కాదని చెప్పు. కోపంగా కాదు, మామూలుగా చెప్పు.

అక్క,
దుర్గమ్మ